బగ్గులు 640, చూసేది నేనొక్కదాన్నే

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ప్రాజెక్టు పేరు వేయొద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

వయసు 28. బైరాగిపట్టెడలో అమ్మానాన్నలతో ఉంటారు. చెన్నై కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే టెస్టింగ్ ఉద్యోగం. ఆ పని ముగిశాక రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా, ఫోన్లలో వాడే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) తెలుగు కీబోర్డు గురించి వాడేవాళ్లు రాసి పంపే బగ్గులు, అంటే తప్పులు, చూసిపెడతారు. రెండేళ్లయింది. ఎవరూ నియమించలేదు. తను రాసిన రెండు బగ్గులకు ఎవరూ పలక్కపోతే, కనీసం మిగతావాళ్లకైనా తను పలుకుదామని మొదలుపెట్టారట.

ఇప్పుడు తెరిచి ఉన్న ఇష్యూలు (నమోదై ఇంకా తేలని బగ్గులు, కోరికలు) 640. వారానికి 15 దాకా కొత్తవి వస్తుంటే 8 మూతపడుతున్నాయి. ఇష్యూలను వర్గీకరించే లేబుళ్లు 47, ఏది దేనికో పెట్టినవాళ్లకే గుర్తులేదు. కోడ్ రాసేవాళ్లు ముగ్గురు. ప్రాజెక్టు మొదలుపెట్టినాయన్ని అందరూ అన్న అంటారు. ఆ అన్న ఆదివారం ఆదివారం వచ్చి, ఈమె గంటసేపు పరీక్షించి ఖాయం చేసిన బగ్గును కూడా 'వర్క్స్ ఫర్ మీ' అని మూడు ముక్కలు రాసి మూసేసి వెళతారు. అక్టోబరు వస్తే చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు "అక్కా, ఇది నాకు అసైన్ చేయండక్కా" అంటూ ఒక్కో ఇష్యూ కింద పదిమంది చేరతారు. దీపావళి దాటితే ఒక్కరూ కనిపించరు. జూన్‌లో అన్న ఒక బాట్ (దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రాం) పెట్టారు. కదలిక లేని ఇష్యూలను అది తనే మూసేస్తుంది. అలా 180 మూతపడ్డాయి. వాటిలో 14 చిత్తూరులో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారివి. ఆయన వాట్సాప్‌లో పంపితే ఈమె ఓపిగ్గా ఎక్కించినవి. మాస్టారు ఫోన్ చేసి "అన్నీ చెత్తబుట్టలో పడేసినారు కదమ్మా" అన్నారట. కోప్పడి ఉంటే బాగుండేదని ఈమె రాశారు. ఇక కొత్త వెర్షన్ రిలీజు నాలుగు నెలలుగా ఆగి ఉంది, ఎవరికి వాళ్లు తమ బగ్గు పోయాకే అంటున్నారు కాబట్టి.

"ఏడాది దాటినవన్నీ ఒకేసారి మూసేయనా? ఒక్కోటీ చూసుకుంటూ పోనా? పిల్లలకు అప్పగించనా? మానేయనా? ఏ బగ్గు తెరిచినా, దీన్ని బాగుచేయిస్తానని నేనే మాట ఇచ్చినట్టు అనిపిస్తోంది. నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

*

ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడదాం. బాగుచేయిస్తానని మీరు ఎవరికీ మాట ఇవ్వలేదు. కానీ మీ ప్రాజెక్టులో ఎవరి పని ఏదో ఎవరూ తేల్చకపోవడంతో ఆ మాట మీ నెత్తిన పడింది. 640 అనే అంకె కంటే మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఇదేనని నా అనుమానం.

మీరు చేస్తున్న ఈ పనిని ట్రయాజ్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు ఏరడం, వేరుచేయడం అని అర్థం. యుద్ధంలో గాయపడ్డవాళ్లను ఏరే పద్ధతి నుంచి ఆసుపత్రులకు, అక్కణ్నుంచి సాఫ్ట్‌వేరుకు వచ్చిన మాట. మీ ఊళ్లో రుయా క్యాజువాల్టీకి ఎవరైనా వస్తే మొదట చూసే మనిషి ఆపరేషన్ చేయరు. ఏమైంది, ఎంత ప్రమాదం, ఎటు పంపాలి, ఇంతవరకే. బగ్గు దగ్గర కూడా మూడు ప్రశ్నలున్నాయి. ఇది నిజంగా జరుగుతోందా, ఎప్పుడు జరుగుతోంది? జరిగితే వాడేవాళ్లకు ఎంత నష్టం? దీన్ని ఎవరు, ఎప్పుడు బాగుచేయాలి, అసలు చేయాలా? మొదటి రెండూ మీవి. మూడోది కోడ్ రాసే ముగ్గురిది. మీరు మూడూ మోస్తున్నారు. అన్నేమో మొదటి దానికి మీరు చెప్పిన జవాబును మూడో దానికి తను చెప్పే జవాబుతో కొట్టేస్తున్నారు. ఆయన 'నా ఫోన్‌లో బాగానే ఉంది' అన్నప్పుడు చాలాసార్లు అసలు అర్థం 'దీనికి నాకిప్పుడు తీరిక లేదు' అయ్యుంటుంది. రెండూ వేర్వేరు సంగతులు, వేర్వేరుగా రాయాల్సినవి. ఆయన కావాలని కించపరుస్తున్నారని మాత్రం అనుకోకండి. 1998లో మొజిల్లా వాళ్లు బయటపెట్టిన బగ్‌జిల్లా అనే బగ్గుల నమోదు సాధనంలో ఇష్యూ మూసేటప్పుడు ఎంచుకోవాల్సిన కారణాల్లో ఆ మూడు ముక్కలూ ఒకటి. పాతకాలం డెవలపర్లకు అది నోటికి వచ్చేసిన మాట.

రెండో ప్రశ్నకు జవాబు తీవ్రత, మూడో ప్రశ్నకు జవాబు ప్రాధాన్యం. ఈ రెండూ ఒకే లేబుల్లో కలిసిపోతే గొడవ తప్పదు. కీబోర్డు తెరవగానే కనిపించే మొదటి స్క్రీన్‌లో 'స్వాగతం' బదులు 'స్వగతం' అని పడిందనుకోండి. నష్టమేమీ లేదు, తీవ్రత అట్టడుగున. కానీ రిలీజుకు ముందు రోజు మొదట దిద్దాల్సింది అదే. ఎప్పుడో పదేళ్ల కిందటి ఫోన్ ఒక్కదాంట్లో కీబోర్డు కుప్పకూలుతోందనుకోండి. తీవ్రత పైమెట్టు, ప్రాధాన్యం కిందిమెట్టు. తీవ్రతకు మీ ప్రాజెక్టులో నాలుగు మెట్లు చాలు. టైప్ చేసింది పోవడం, యాప్ కూలిపోవడం, టైప్ చేసింది బయటికి పొక్కడం మొదటి మెట్టు. ఒక అక్షరమో గుణింతమో అసలే కొట్టలేకపోవడం రెండోది. ఇబ్బంది ఉన్నా వేరే దారిలో పని జరిగితే మూడోది. కంటికి బాగాలేకపోవడం నాలుగోది. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లకు ఏడు మెట్లున్నాయి గానీ, వాళ్ల దగ్గర ఉన్నంత మంది మీ దగ్గర లేరు. ఒక జాగ్రత్త: తీవ్రతను బగ్గు రాసేవాళ్ల చేత ఎంపిక చేయించకండి. ఎవరి బగ్గు వాళ్లకు ప్రాణాంతకమే.

47 లేబుళ్లను కూడా ఈ లెక్కనే కుదించండి. రకం (బగ్గు, కోరిక, సందేహం), స్థితి (సమాచారం కావాలి, ఖాయమైంది), తీవ్రత నాలుగు, భాగం ఓ అయిదు. పద్నాలుగుకు మించితే ఎవరూ సరిగ్గా అంటించరు.

ఇప్పుడు ఒక్క బగ్గును దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మీ రాత్రులు తినేస్తున్నది ఇదే. మాస్టారు పంపిన వాటిలో ఒకదాని శీర్షిక మీరే రాశారు: 'సాఫ్ట్‌వేర్ అని సరిగా పడటం లేదు'. కింద ఒక స్క్రీన్‌షాట్. దీన్ని చూసి ఎవరైనా ఏం చేస్తారు? తన ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ అని కొడతారు, సరిగ్గానే పడుతుంది, మూసేస్తారు. అన్న పద్ధతీ అదే. కానీ ఈ మాటలో కంటికి కనపడని అక్షరం ఒకటుంది. ట్ తర్వాత వ వత్తుగా కిందికి దిగిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. అది ఉంటే 'సాఫ్ట్‌వేర్', లేకపోతే 'సాఫ్ట్వేర్'. అక్షరం అక్షరం కొట్టినప్పుడు కీబోర్డు దాన్ని సరిగ్గానే పెడుతూ, పైన వచ్చే సూచనల పట్టీలోంచి మాటను ఎంచుకున్నప్పుడు మింగేస్తోందేమో. మాస్టారు పట్టీ వాడతారు, అన్న వాడరు. ఇద్దరూ చెప్పేది నిజమే.

కాబట్టి ఆ ఇష్యూ ఇలా ఉండాలి. కీబోర్డు వెర్షన్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఫోన్ మోడల్, ఏ యాప్‌లో కొడుతుంటే జరిగింది. ఆ తర్వాత అడుగులు: ఖాళీ నోట్ తెరిచాను, 'సాఫ్ట్' వరకు కొట్టాను, పట్టీలో రెండో మాట నొక్కాను. రావాల్సింది ఇది, వచ్చింది ఇది. అయిదుసార్లు చేస్తే ఎన్నిసార్లు జరిగింది. చివరగా స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ మాటను కాపీ చేసి పేస్టు చేసిన పాఠం తప్పనిసరి. స్క్రీన్‌షాట్‌లో కనపడని అక్షరాలు కనపడవు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చేసిన తెలుగు అక్షరం గుర్తుందా? జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ నాన్ జాయినరే, ఆపైన ఆకారం. ఆ కనపడనిది లేకుండా మామూలుగా 'జ్ఞా' కొట్టినవాళ్లకు ఏమీ కాలేదు. 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసి ఆ బగ్గు పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

పేస్టు చేసిన పాఠం ఇంకో పనికీ వస్తుంది. అందులో అక్షరాల వరుస సరిగ్గా ఉండి, తెర మీద మాత్రం వత్తు చెదిరితే తప్పు కీబోర్డుది కాదు. ఫాంటుదో, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ లాంటి ఇంజన్‌దో, ఆ యాప్‌దో. అదే మాటను మరో రెండు యాప్‌లలో పేస్టు చేస్తే నిమిషంలో తేలిపోతుంది. అలాంటివి అసలువాళ్ల దగ్గర నమోదు చేసి, లింకు మీ దగ్గర పెట్టి మూసేయొచ్చు. లేదా 'బయటిది' అనే లేబుల్‌తో తెరిచి ఉంచొచ్చు. మూస్తే మీ లెక్క తగ్గుతుంది గానీ అదే బగ్గు వేరేవాళ్లు మళ్లీ రాస్తారు. తెరిచి ఉంచితే డూప్లికేట్లు తగ్గుతాయి గానీ నాలుగు నెలలకోసారి అక్కడేమైందో మీరే వెళ్లి చూసి రావాలి. కీబోర్డు విషయంలో నాకు రెండోదే మేలనిపిస్తుంది. వాడేవాడికి కనపడేది కీబోర్డే, ఫాంటు కాదు.

కొన్ని బగ్గులు కానే కావు, తేల్చుకోని నిర్ణయాలు. 'స్త్రీ'లో ఆరు కోడ్ పాయింట్లున్నాయి (కంప్యూటర్ లెక్కలో విడి గుర్తులు): స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఈకారం పోవాలా, మొత్తం అక్షరం పోవాలా? సగం మంది ఇది బగ్గంటారు, సగం మంది అది బగ్గంటారు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ ప్రమాణమైన యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుంపుగా లెక్కించమంటోంది. అయినా చెరిపేటప్పుడు ఎంత చెరపాలన్నది కీబోర్డు వాళ్ల ఇష్టానికే వదిలారు. ఇలాంటివి మీ దగ్గర ఎన్ని ఉన్నాయో వెతకండి; ఒకే ప్రశ్న చుట్టూ పది ఇష్యూలుండొచ్చు. అన్నీ ఒకదానికి కట్టి, ముగ్గురి ముందు పెట్టి, అవునో కాదో రాయించుకోండి. కాదంటే 'ఇలాగే ఉండాలని నిర్ణయించాం' అని కారణంతో మూయండి. కాదని చెప్పడం మర్యాదే. చెప్పకుండా రెండేళ్లు నానబెట్టడమే అమర్యాద.

ఇక పాత కుప్ప. మూడు దారులకు లెక్కలు వేసి చూద్దాం: మీరు అడిగినవి రెండు, నేను చెప్పేది ఒకటి.

ఒక్కోటీ పూర్తిగా చూస్తే, ఇష్యూకు సగటున 5 నిమిషాలు వేసుకున్నా 640కి 53 గంటలు. వారానికి 3 గంటలు పెడితే 18 వారాలు. ఈలోగా వారానికి ఏడు చొప్పున మరో 126 చేరతాయి. అందుకే ఇప్పటిదాకా మీరు ఎంత తోడినా బావి అడుగు కనపడలేదు.

ఏడాది దాటినవన్నీ ఒకేసారి మూసేస్తే ఒక రాత్రిలో అయిపోతుంది. కొన్ని ప్రాజెక్టులు అలా చేశాయి, బతికే ఉన్నాయి. కానీ నష్టం రెండు విధాలు. మూసినవాటిలో మొదటి మెట్టు బగ్గులుంటే అవి కూడా మట్టిలో కలుస్తాయి. రాసినవాళ్లు ఇంకెప్పుడూ రాయరు, అందులోనూ ఓపిగ్గా వివరంగా రాసేవాళ్లే ముందు వెళ్లిపోతారు. మాస్టారి ఫోన్‌కాల్‌లో ఈ రెండోది మీరు ఇప్పటికే విన్నారు.

మధ్యేమార్గం ఒకటుంది. ఇష్యూకు ఒకటిన్నర నిమిషం, ఒకే ఒక్క ప్రశ్న: ఇది మొదటి రెండు మెట్లలో ఉండే అవకాశం ఉందా? ఉంటే లేబుల్ పెట్టి పక్కకు. లేకపోతే ఏమీ చేయకుండా ముందుకు. పరీక్షించొద్దు, జవాబు రాయొద్దు, చదువుతూ చదువుతూ బాగుచేయడం మొదలుపెట్టొద్దు. 640కి 16 గంటలు. ముగ్గురు కూర్చుంటే రెండు శనివారాల పని. దీని తర్వాత మీ చేతిలో ఓ అరవై డెబ్భై మిగులుతాయనుకుందాం, వాటినే పూర్తిగా చూడాలి. మిగతావి ఏమవుతాయంటారా? అలాగే ఉంటాయి. తెరిచి ఉన్న ఇష్యూ అప్పుపత్రం కాదు. ఇకమీదట తెరిచినవి ఎన్ని అన్న అంకె చూడటం మానేయండి. ఎవరూ ఒక్కసారైనా చూడనివి ఎన్ని, మొదటి జవాబుకు ఎన్ని రోజులు పడుతోంది, ఈ రెండే చూడండి. ఇవి మీ చేతిలో ఉన్నవి. ఆ 640 మీ చేతిలో లేదు.

వచ్చేవాటికి గుమ్మం దగ్గరే గడప కట్టాలి. కోడ్, ఇష్యూలు పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఇష్యూ ఫారం పెట్టుకోవచ్చు. వెర్షన్, అడుగులు, పేస్టు చేసిన పాఠం నింపితేగానీ పంపనివ్వదు. ఆరు గడులకు మించి పెట్టకండి. పది పెడితే జనం ప్రతిదాంట్లో చుక్క పెట్టి పంపుతారు. మీరు రాసినట్టు మీది వేళ్లతో తెలుగు కొట్టే జనం వాడే సాధనం కాబట్టి, ఫారం తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషు ఫారం చూసి వెనక్కి వెళ్లినవాళ్ల బగ్గులు మీకు ఎప్పటికీ తెలియవు. ఫారం పైన ఒక ముక్క: 'వారంలోపు చూస్తాం, బాగుచేయడానికి ఎంతకాలమో చెప్పలేం'. టైప్ చేసింది బయటికి పొక్కే రకం బగ్గయితే బహిరంగంగా రాయకుండా ప్రైవేటుగా పంపే దారి కూడా అక్కడే చూపండి. వాట్సాప్‌లో వచ్చినవి మీరు ఎక్కించేటప్పుడు స్క్రీన్‌షాట్ ఒకటికి రెండుసార్లు చూడండి. కీబోర్డు స్క్రీన్‌షాట్లలో ఓటీపీలు, ఇంటి సంగతులు పడి ఉంటాయి.

బాట్ సంగతి. బాట్ చెడ్డది కాదు, దాన్ని ఎటు తిప్పారన్నదే తప్పు. గిట్‌హబ్‌లో ఎక్కువమంది వాడే స్టేల్ బాట్‌ను ఏమీ మార్చకుండా పెడితే, 60 రోజులు కదలకపోతే గుర్తు వేస్తుంది, ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. ఎవరివల్ల కదలలేదో దానికి తెలియదు. మాస్టారు అన్నీ ఇచ్చి మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటే, మీ మౌనానికి ఆయనకు శిక్ష పడింది. దాన్ని ఫలానా లేబుల్ ఉన్నవాటినే ముట్టుకొమ్మని కట్టేయొచ్చు. 'సమాచారం కావాలి' లేబుల్ ఒక్కదానికే కట్టండి, అంటే బంతి అవతలివాళ్ల కోర్టులో ఉన్నప్పుడే. గడువు 30 రోజులు, ఆపై 14. ఓపెన్ సోర్స్ ఆఫీస్ సాఫ్ట్‌వేరైన లిబ్రెఆఫీస్ వాళ్లు ఇలాంటి వాటికి నెలల తరబడి ఆగుతారు. ఇంకోటి, 'కొత్త వెర్షన్‌లో చూసి చెప్పండి' అని ఒక మనిషిని ఒక బగ్గు మీద ఒక్కసారే అడగాలి. ప్రతి రిలీజుకూ అడిగితే అది బగ్గు చూడటం కాదు, తరిమేయడం.

కాలేజీ పిల్లలు మీ ఉత్తరంలో భారంలా కనిపిస్తున్నారు. వాళ్లను అంత తేలిగ్గా వదులుకోవద్దంటాను. అక్టోబరు తాకిడి మీ ఒక్కరిదే కాదు. అక్టోబరులో ఓపెన్ సోర్స్‌కు కోడ్ పంపమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ 2014లో మొదలైంది; 2020లో పనికిరాని పుల్ రిక్వెస్టులతో (కోడ్ మార్పులు చేర్చమనే విన్నపాలతో) ఎంత విసిగించిందంటే, నిర్వాహకులు అదే ఏడాది నిబంధన మార్చి, మెయింటెయినర్లు (ప్రాజెక్టు నడిపేవాళ్లు) ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క వర్తించేలా చేశారు. మీరు ఒప్పుకోకుండా ఉండొచ్చు. అప్పుడు అక్టోబరు ప్రశాంతం, చేతులు మాత్రం మీవే రెండు. లేదా కోడ్ ఇవ్వకుండా వేరే పని ఇవ్వొచ్చు.

ఆ పని ఇది. ఇద్దరేసి చొప్పున జట్లు, శనివారం రెండు గంటలు, జట్టుకు పది ఇష్యూలు. ప్రతిదాని కింద నాలుగింటిలో ఒకటే రాయాలి: జరిగింది, జరగలేదు, సమాచారం చాలదు, ఫలానాదానికి డూప్లికేట్ అనుకుంటున్నాం. ఏ ఫోన్‌లో, ఏ వెర్షన్‌లో అన్నది తప్పనిసరి. మూసే హక్కు లేదు. ఇద్దరెందుకంటే, ఒకడు అడుగులు చదువుతాడు, ఇంకొకడు చేస్తాడు. ఒక్కడే చదివి చేస్తే రాయని అడుగును తెలియకుండానే పూరించేస్తాడు. డూప్లికేట్ల విషయంలో ముందు వచ్చినదాన్ని ఉంచాలన్న నియమం పెట్టుకోకండి, అడుగులు బాగా రాసి ఉన్నదాన్ని ఉంచండి. ఒక పిల్ల ఇరవై ఇష్యూలు తప్పు లేకుండా చూస్తే ఆమెకు ట్రయాజ్ హక్కు ఇవ్వండి. గిట్‌హబ్‌లో ఆ పేరుతోనే ఒక హోదా ఉంది: లేబుళ్లు పెట్టొచ్చు, మూయొచ్చు, తెరవొచ్చు, కోడ్‌ను మాత్రం ముట్టలేరు. చిక్కల్లా ఏమిటంటే, ఆ హోదా ఆర్గనైజేషన్ (ఉమ్మడి ఖాతా) కింద ఉన్న రిపాజిటరీలకే (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లకే). మీది ఇంకా అన్న సొంత ఖాతాలోనే ఉందని రాశారు. సొంత ఖాతాలో ఎవరినైనా చేర్చుకుంటే కోడ్ రాసే హక్కు కూడా వెంట వెళుతుంది. ఆయన ఎవరినీ చేర్చనివ్వకపోవడానికి అహంకారం కంటే ఇదే కారణం కావొచ్చు. ఆర్గనైజేషన్‌కు మార్చడం కాసేపటి పని. పాత లింకులు కొత్తచోటికి వాటంతటవే వెళతాయి. ఆయన్ని ఒప్పించడానికి ఇది మంచి దారి, ఎందుకంటే ఆయన్ని దేన్నీ వదులుకోమని అడగడం లేదు.

పిల్లలకు ఇంకా మంచి పని ఉంది. 'మొన్నటిదాకా బాగుండేది, ఈ వెర్షన్‌లో చెడింది' అనే బగ్గులు ఏరి ఇవ్వండి. పాత బిల్డు (కోడ్ నుంచి తయారుచేసిన యాప్), కొత్త బిల్డు మధ్య 1000 కమిట్లున్నా (కోడ్‌లో నమోదైన మార్పులు), సగానికి సగం కోసుకుంటూ పోతే పది పరీక్షల్లో ఏ కమిట్‌లో చెడిందో తేలుతుంది. కోడ్ మార్పులను దాచే గిట్ అనే సాధనంలోని బైసెక్ట్ ఆదేశం చేసేది అదే. కంపైల్ చేయడం రాకపోయినా పర్లేదు, ప్రతి రాత్రీ తయారయ్యే బిల్డులను పారేయకుండా దాస్తే వాటిని ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోవడమే. లిబ్రెఆఫీస్‌లో ముందే తయారుచేసిన బిల్డులతో ఇదే పద్ధతిని బైబైసెక్ట్ అంటారు. ఫోన్‌లో ఒక్కో ఇన్‌స్టాల్‌కు అయిదు నిమిషాలనుకుంటే 50 నిమిషాలు. 'ఈ కమిట్‌తో చెడింది' అని రాసి ఉన్న బగ్గును ఏ డెవలపరూ మూడు ముక్కల్లో మూయలేడు.

అలాగే బాగైన ప్రతి బగ్గుకూ ఒక వరుస: ఈ కీలు ఈ క్రమంలో నొక్కితే ఈ మాట రావాలి. స్త్రీ, రాష్ట్రం, క్షేత్రజ్ఞుడు, సాఫ్ట్‌వేర్, ఱ ఉన్న మాటలు. రెండొందల వరుసల పట్టిక తయారైతే ప్రతి బిల్డుకూ యంత్రమే చూసుకుంటుంది. బగ్గు బాగుచేసినవాడు తనే సరిచూశానంటే సరిపోదు, వేరొకరు చూడాలి.

అన్నతో ఎలా మాట్లాడాలన్నది మీకు నాకంటే బాగా తెలుసు. పది బగ్గులు పట్టుకెళ్లి ఇవన్నీ తప్పుగా మూశారని చూపించడం ఒక పద్ధతి. ఆయన పదింటికీ పది సంజాయిషీలు చెబుతారు, సాయంత్రం గడిచిపోతుంది. ఇంకో పద్ధతి, మూసేటప్పుడు కారణాల పట్టిక ఒకటి పెట్టమని అడగడం: బాగైంది, డూప్లికేట్, జరగడం లేదు, ఇలాగే ఉండాలి, చేయలేం, సమాచారం చాలలేదు. 'జరగడం లేదు' ఎంచుకుంటే ఏ ఫోన్‌లో ఏ వెర్షన్‌లో చూశారో ఒక వాక్యం. అది లేకపోతే మీరు ఒకసారి తిరిగి తెరవొచ్చు. రెండోసారి మూతపడితే మీరిద్దరూ వాదించుకోకుండా వారపు సమావేశానికి. ఆదివారం అరగంట, పదికి మించకుండా బగ్గులు, మీరు తీవ్రత చెబుతారు, వాళ్లు ప్రాధాన్యం చెబుతారు. 'చేయలేం' అని ఆయన నిజాయితీగా రాయడానికి చోటు దొరికితే 'వర్క్స్ ఫర్ మీ' అవసరం సగం తగ్గుతుంది. ఆయన ఈ పట్టికకూ ఒప్పుకోకపోతే అది వేరే సమస్య. అప్పుడు మీకు మిగిలేవి రెండే: ఆయన పద్ధతిలో పనిచేయడం, లేదా బయటికి రావడం.

రిలీజు ఆగడానికి కారణం బగ్గులు కాదు, ఏ బగ్గుకు ఆపాలో ముందే రాసుకోకపోవడం. మరో లినక్స్ అయిన ఫెడోరా వాళ్లు రిలీజును ఆపగల షరతులు ముందే రాసి పెట్టుకుని, అనుమానం ఉన్న ప్రతి బగ్గునూ వాటితో పోల్చి చూస్తారు. డెబియన్‌లో పై మూడు మెట్లు మాత్రమే రిలీజును ఆపుతాయి. మీకు మొదటి మెట్టుతో పాటు, కిందటి రిలీజులో పనిచేసి ఇప్పుడు చెడిన రెండో మెట్టు బగ్గులు చాలు. తేదీ పెట్టుకోండి, రెండు వారాల ముందు కొత్త ఫీచర్లు ఆపేయండి, మూడు ఫోన్ల మీద, అందులో ఒకటి తక్కువ ర్యామ్ ఉన్న పాతది, అరగంట పరీక్ష. ఆ తేదీకి అందని బగ్గు తర్వాతి రిలీజులో. ఎవరిదైనా సరే.

మానేయడం గురించి. అది కూడా ఒక దారే, ఓటమి కాదు. కానీ రేపు పొద్దున్నే మానేస్తే మీ తలలో ఉన్నదంతా మీతోనే పోతుంది, మీకు ఫోన్లు మాత్రం ఆగవు. మొదట వారానికి మూడు గంటలకు తగ్గించి చూడండి, రాత్రి పదకొండుకు లాప్‌టాప్ మూసేయడం నియమంగా. ఇంకొకరితో వారం మార్చి వారం వంతు వేసుకోండి. మీ వంతు కాని వారం నోటిఫికేషన్లు ఆపేయండి. రెండు నెలల తర్వాత కూడా మానేయాలనే అనిపిస్తే, లేబుళ్ల అర్థాలు, కారణాల పట్టిక, ఎవరిని ఏది అడగాలన్నది ఒక రెండు పేజీలు రాసిపెట్టి వెళ్లండి. మూడో దారి, ట్రయాజ్ వదిలేసి మాటల పట్టిక ఒక్కటే చూసుకోవడం. మీరు వృత్తిరీత్యా టెస్టరు. ఆ పనిలో రోజూ జనానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇందులో ఏది ఎంచుకున్నా, బాట్ మూసిన 180ని మాత్రం ముందు చూడండి. ఇష్యూకు ఒకటిన్నర నిమిషం లెక్కన నాలుగున్నర గంటల పని. మాస్టారి 14తోనే మొదలుపెట్టండి. అన్నిటి కిందా ఒకే క్షమాపణ అతికించకండి, ఆయన తెలుగు మాస్టారు, వెంటనే పట్టేస్తారు. సాఫ్ట్‌వేర్ బగ్గు కింద ఇలా రాయొచ్చు: 'ఇది బాట్ పొరపాటున మూసింది, తిరిగి తెరిచాం. సూచనల పట్టీలోంచి ఎంచుకున్నప్పుడే ఇలా జరుగుతోందా అని అనుమానం. పట్టీ వాడకుండా అయిదుసార్లు, వాడి అయిదుసార్లు కొట్టి, వచ్చిన పది మాటలనూ కాపీ చేసి పంపగలరా?' ఆ పది మాటలు వచ్చాక బగ్గును అన్న ఫోన్‌లోనే, పట్టీ తెరిచి చూపించండి.